టెంకాయ లేచిన చోటు

హలో… ఆ, నేనే. ఐజాక్‌నే. చెప్పు మణీ.

…గట్టిగా మాట్లాడప్పా. బోరు బండి మోతకు చెవులు పగిలిపోతాండాయి.

…ఆ, మీ చేన్లోనే. ఇంగ యాడుంటా?

…ఉండు, ఉండు. రోంత అవతలికి పోతా. చీనీ చెట్లలోకి.

…ఇప్పుడు వినపడ్తాందా? … ఆ. చెప్పు.

…ఎవురు చెప్పినారు నీకు? … గౌతమినా. చెల్లెలంటే అట్లనే ఉండల్లలే. మీ నాయన చెప్పొద్దంటే వెంటనే చెప్పేస్తాది.

…అవును. పొద్దన్నే ఆరింటికి బండి వచ్చింది. పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఏడుకల్లా మొదలుపెట్టినారు.

…ఐదో బోరే. మర్చిపోలేదే నువ్వు.

…ఆరునూర్ల ఎనభై అడుగులు. ఇప్పుడే రాడ్డు మార్చినారు.

…నీళ్ళా? … దుమ్ము మణీ. ఉత్త దుమ్ము. బూడిద మాదిరి తెల్లగా వస్తాండాది. మీ నాయన తల, మీసం, భుజాలు, అంతా తెల్లగైపాయె. నువ్వొచ్చి చూస్తే గుర్తుపట్టలేవు.

…దూరంగా కూర్చోమంటే వింటాడా ఆయన? బండి పక్కనే గొంతుక్కూర్చోనుండాడు. వచ్చే పొడిని పిడికిట్లోకి తీసుకోని పిసికి పిసికి చూస్తాండాడు, తడి తగులుతాదేమోనని.

…అరవాకు. నా మీద అరిస్తే బండి నిలబడదు.

…అవును, చెప్పినావు. 'మా చేన్లో నీళ్ళు లేవని మా నాయనకు చెప్పు, నీ మాటైతే వింటాడు, నువ్వు భూమి చదువు చదివినోడివి' అన్యావు. నాకు బాగా గుర్తుండాది.

…చెప్పినా! చెప్పల్యా అని ఎవురన్యారు? మూడు దినాలు స్కూలుకు లీవు పెట్టి మీ చేనంతా తిరిగినా. యూనివర్సిటీలో మా సార్ని బతిమాలుకోని మీటరు తెచ్చినా. కమ్మీలు భూమిలోకి కొట్టి, వైర్లు లాగి, కరెంటు పంపి ఇరవై చోట్ల చూసినా. కింద ఒకటే బండ. రెండునూర్ల అడుగుల కాడ రోంత పగులుండాది, అది ఎప్పుడో ఎండిపోయింది. గ్రాఫు గీసి మీ నాయనకు చూపించినా.

…ఏమన్యాడా? కాగితాన్ని ఇట్ల తిప్పి, అట్ల తిప్పి, 'ఇది నీళ్ళు లేవని చెప్తాది, సరే. యాడుండాయో చెప్పే మిషను లేదా?' అన్యాడు.

…నగుతావు కదా. నాకూ అప్పుడు నగువే వచ్చింది.

…వినడు మణీ. హనుమంతరాయుడి కథ నీకు తెలీదా? పోయిన ఎండాకాలం ఆయనకు లేవని చెప్పినా. పాపం, మంచోడు, నా మాట విని బోరు మానుకున్యాడు. గెనుం గట్టు అవతల పక్క చేనోడు టెంకాయతో పాయింటు పెట్టించుకోని వేస్తే రెండించుల నీళ్ళు పడినాయి.

…ఏదో తగిలిందంతే! నెల తిరక్కుండా ఎండిపాయె. ఎండింది ఎవురూ చెప్పుకోరు, పడింది మాత్రం ఊరంతా చెప్పుకుంటారు. ఆ పొద్దు నుంచి హనుమంతరాయుడు నన్ను చూస్తే మొగం తిప్పుకోని పోతాడు. నిజం చెప్పినందుకు నాకు దక్కింది అదీ.

…అదే చెప్తాండా. లేవని చెప్పినంక ఈ బండి ఎట్ల వచ్చిందనే కదా నువ్వడిగేది. … చెప్తా. … చెప్తా, ఉండప్పా.

…టెంకాయ.

…ఆ, టెంకాయే. అరచేతిలో అడ్డం పెట్టుకోని చేనంతా నడిస్తే, కింద నీళ్ళుండే కాడ నిలువుగా లేస్తాదంట కదా. మన తట్టు పుట్టినోనికి చెప్పల్నా అది?

…బయట్నుంచి ఎవుడూ రాల్యా.

…నేనే.

…నేనే పట్టుకున్యా మణీ.

…హలో? … ఉండావా?

…తిట్టు. తిట్టు, పర్వాలేదు.

…నమ్మకమా? నాకా? జియాలజీలో ఫస్ట్ క్లాసప్పా నాది!

…అంతా ఆ చౌడప్ప వల్ల. పోయిన ఏడు గార్లదిన్నెలో రక్తదానం క్యాంపు పెట్టినారే, ఆడ నాది ఓ పాజిటివ్ అని తేలింది. ఆ గ్రూపోళ్ళ చేతిలోనే టెంకాయ లేస్తాదంట. చౌడప్ప టీ అంగట్లో కూర్చోని ఊరంతా చాటించినాడు, 'భూమి చదువు చదివినోడు, పైగా ఓ పాజిటివ్' అని. ఎమ్మెస్సీకి రాని మర్యాద రక్తానికి వచ్చింది నాకు. పామిడిలో నా క్లాసు పిల్లోళ్ళు కూడా అడుగుతారు, 'సార్, మీ చేతిలో టెంకాయ లేస్తాదంట కదా' అని. సైన్సు సార్ని నేను ఆడ.

…మరి ఏంటికి పట్టుకున్యావంటే ఏం చెప్పల్ల…

…మీ నాయన మా ఇంటికి వచ్చినాడు.

…మా ఇంటికి మణీ. మా వీధిలోకి. చిన్నప్పుడు నువ్వు నాతో ఆడుకునేకి మా వీధికొస్తే చింతబరికెతో కొట్టుకుంటా తీసుకపోయినాడే, ఆ మీ నాయనే. వాకిట్లో నిలబడి 'ఐజాక్ సార్ ఉండాడా' అన్యాడు.

…సార్. అవును. సార్ అనే అన్యాడు. మా నాయన అన్నం తింటాండె, చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఇరవై ఏండ్లు మీ చేన్లో శెనక్కాయ పీకినాడు మా నాయన. ఏసేబు అనే పేరుండాదని మీ నాయనకు తెలుసో లేదో. ఎప్పుడూ 'ఒరేయ్' తప్ప ఇంగో మాట లేదు.

…నిన్ను అనడం లేదప్పా. జరిగింది చెప్తాండా.

…లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్యాడు. మా అమ్మ నీళ్ళిస్తే తాగినాడు. తాగి, సంచిలోంచి టెంకాయ తీసి నా అరచేతిలో పెట్టి, రెండు చేతుల్తో నా చెయ్యి మూసినాడు. 'సారూ, మూడునూర్ల చెట్లు నా కండ్ల ముందర చస్తాండాయి. నువ్వు కూడా కాదంటే రేపే మిషను పెట్టి కోయించేస్తా' అన్యాడు.

…నువ్వైతే ఏం చెప్తావు?

…'కాదు పో' అని చెప్తావా. బెంగుళూరులో ఉండి చెప్పేది శానా సులువు మణీ.

…లేదు, నేనొక లెక్క వేసుకున్యా. ఊరికే నడుస్తా, ఈ మూల నుంచి ఆ మూలకు. టెంకాయ లేవదు. 'లేవల్యా పెద్దాయనా' అని చెప్పేస్తా. మీటరు మాట వినకపోయినా టెంకాయ మాట వింటాడు కదా. అబద్ధం చేత నిజం చెప్పిద్దామనుకున్యా. పెద్ద తెలివైనోన్ని మరి.

…నడిచినా. నా వెనకాల మీ నాయన, మీ అమ్మ, చౌడప్ప, ఇంగా పదిమంది. అందరూ చెప్పులిడిచి వస్తాండారు. దక్షిణం మూలకొస్తిమి. ఇంగ రెండు సాళ్ళు మిగిలినాయి. అయిపాయెలే అనుకోని వెనక్కి తిరిగి చూసినా. … చూడకుండా ఉండల్సింది.

…మీ అమ్మ. కొంగు నోట్లో కుక్కుకోని నా చేతినే చూస్తాండాది. రెప్ప కూడా వేయల్యా.

…

…లేసింది.

…కాదు. లేపినా. నేనే లేపినా మణీ. బొటనవేలు రోంత కదిపితే చాలు, లేస్తాది.

…తెలిసే చేసినావా అంటే… అప్పుడు లేసిందనే అనుకున్యా. ఇంటికి పోయి పండుకున్నంక తెలిసింది, అది నా బొటనవేలే అని.

…ఆ పొద్దు మా అమ్మ నాకు అన్నం పెట్టల్యా. 'టెంకాయ పట్టిన చేత్తో ఆదివారం బైబిలు ఎట్ల పట్టుకుంటావురా' అనింది. మా నాయన మాత్రం ఒకటే మురిసిపోతాండాడు. 'సార్ అన్యాడు కదే, మనోన్ని సార్ అన్యాడు కదే' అని పదిమార్లు అన్యాడు మా అమ్మతో.

…మరుసటి దినమే చెప్పల్సింది, ఒప్పుకుంటా. పోయినా చెప్పేకి. మీ ఇంటి వాకిలి దాకా పోయినా. మీ అమ్మ ఆ టెంకాయకు పసుపు పూసి, ఎర్రగుడ్డ కట్టి, దేవుని గూట్లో పెట్టుకోనుండాది. నీళ్ళు పడిన పొద్దు కొట్టేకంట. బర్రెలు కట్టేసే గుంజలు చూస్తే బోసిగా ఉండాయి. బోరు ఖర్చుకని సంతకు తోలేసినారు అప్పటికే. 'రా సారూ, కూర్చో' అనింది. కూర్చున్యా. టీ తాగి వచ్చేసినా.

…అంతే. టీ తాగి వచ్చేసినా.

…ఆ, ఏదో అరుస్తాండారు. … ఏడునూర్లు దాటిందంట.

…లేదు. దుమ్మే.

…మణీ, ఆ హారన్లేంది? ఆఫీసు బయట ఉండావా?

…ఈ టైంలోనా? … ఇంగో హారను. రోడ్డు మీద ఉండావు నువ్వు. ఎవురో ఆర్డర్ నంబర్ అడుగుతాండారే. … ఏం ఆర్డరప్పా అది?

…మణీ?

…ఎప్పట్నుంచి?

…ఉగాదికి ముందరనా? అంటే ఐదు నెల్లాయె. … నిన్నొక్కన్నే తీసేసినారా, అందరినీనా? … మెయిలు పంపినారా. మనిషన్నోడు ఎదురుగా కూర్చోని చెప్పను కూడా చెప్పల్యానా?

…వీపుకు సంచి తగిలించుకోని ఇంటింటికీ తిండి పొట్లాలు ఇస్తాండావు. … తప్పేముంది దాంట్లో? తప్పని ఎవురన్యారు? … ఇంట్లో ఎవురికీ తెలీదా? గౌతమికి కూడా?

…పొద్దన్నే బండి డ్రైవరుకు చెప్తాండె మీ నాయన. 'మా వాడు కంప్యూటరు ముందర కూర్చుంటే లేచేకి తీరదు' అని. ఆయప్ప తమిళాయన, ఏం అర్థమయిందో ఏమో, తల ఊపినాడు.

…నగడం లేదప్పా నేను. నిన్ను చూసి నేను నగుతానా?

…రేయ్, రోడ్డు మీద ఏడ్చాకు. బండి పక్కకు పెట్టు. హెల్మెట్టు తీసెయ్. నీళ్ళుండాయా? … తాగు. తాగి మాట్లాడు.

…చల్లారితే చల్లారనీ. ఒక పూట చల్లన్నం తింటే ఎవురూ చావరు.

…నువ్వొక్కనివేనా చెప్పు. మన నాగేశ్వర ఉండాడే, ఇప్పటికీ తెల్లారుజామున లేసి హైవే మీద పరిగెత్తుతాడు, కానిస్టేబులు సెలక్షనుకని. వయసు పోయిన ఏడే దాటిపాయె వానికి. 'మరి ఇంగా ఏంటికి పరిగెత్తుతావురా' అంటే, 'ఆగితే మా అమ్మ అడుగుతాది కదన్నా' అంటాడు.

…అదే నేనూ అనేది. మనం దొంగలం కాదు మణీ. ఒకరి సొమ్ము తినే రకం కాదు మనం. కాదు, లేదు అని చెప్పే నోరే లేదు మనకు. వాళ్ళ మొగాలు చూస్తే రాదు. పస్తులుండి చదివించినారు కదా, వాళ్ళ కండ్లల్లో మనం ఇంత ఎత్తున ఉంటాము. ఆడ్నుంచి దిగేకి భయం. చదువుకుంటే ధైర్యమొస్తాదని చెప్పిరి. చదివినాము. యాడొచ్చింది?

…నాకూ భయమే.

…సరే, విను. ఇట్ల చేద్దాం. నేను పోయి చెప్పేస్తా. ఇప్పుడే. 'పెద్దాయనా, టెంకాయ లేవల్యా, నేనే లేపినా' అని. కొడితే కొడతాడు. నీది నువ్వు చెప్పు. ఇద్దరం ఒకేసారి చెప్పేద్దాం. ఇంగ దాచేకి ఏమీ ఉండదు.

…అంత లోతుకు పోయింది కదా అంటావా? ఇంగా లోతుకు పోకుండా అన్నా ఆగుతాది కదా!

…సరేనా? … గట్టిగా చెప్పు. … ఆ, సరే.

…నడుస్తాండా. ఫోన్ పెట్టాకు. నువ్వు లైన్లో ఉంటే రోంత ధైర్యం నాకు.

…చెట్లా? … ఏం చెప్పేది. ఆకులు దొన్నెల మాదిరి ముడుచుకపోయినాయి. కాయలు గోలీకాయలంతే ఉండాయి. తాకితే రాలుతాండాయి. … అవును, నువ్వు ఇంటర్లో చేరిన ఏడు నాటినారు. గుంతలు తీసింది మా నాయనే కదా.

…వచ్చేసినా. కనపడ్తాండాడు మీ నాయన.

— పెద్దాయనా! … పెద్దాయనా! ఒక మాట. … ఇట్ల రా, మోత. … మణి ఫోన్ చేసినాడు. … ఆ, మీ మణే.

…మణీ, మీ నాయన చెయ్యి చాపినాడు ఫోనుకు. చేతులు పంచెకు తుడుచుకుంటాండాడు. ముందర నువ్వే చెప్పు. బండి ఆపమని ఒక్క మాట చెప్పు, చాలు. మిగతాది నేను చెప్పుకుంటా. చెప్తావు కదా? … ఒట్టు? … ఇస్తాండా.

— తీసుకో పెద్దాయనా.

…

— అయ్యో, మీరేల తెచ్చినారమ్మా ఈ ఎండలో? … ఆ, మీ మణే ఫోన్లో. … మజ్జిగా. … మీ లోటాలోనా? … లేదులే, తాగుతా. … పైకెత్తి తాగితే మింద పడతాదమ్మా. … మూతి ఆనించుకోని తాగమంటారా? … తాగుతా.

— చల్లగుండాదమ్మా.

— ఏడుపు కాదమ్మా. దుమ్ము. కంట్లో దుమ్ము పడింది.

…

— ఇయ్యి పెద్దాయనా, ఇయ్యి.

హలో. … నేనే. చెప్పినావా?

…మరి మీ నాయన నగుతాండాడేమి? ఆ దుమ్ములో పండ్లు తప్ప ఏమీ కనపడ్డం లేదు నాకు. ఏం చెప్పినావు మణీ?

…'నీ ఇష్టం నాయనా, ఇంగో నూరడుగులు చూడు' అన్యావా.

…నువ్వా? నువ్వు అన్యావా ఆ మాట?

…ఇంతసేపు నేను చెప్పిందేంది రా నీకు? గోడకు చెప్పినానా?

…ఏమి? … మెల్లగా చెప్పు. అర్థం కావడం లేదు.

…నీళ్ళు పడితే వచ్చేస్తావా. … ఊరికి. ఈ తోటకు. … 'ఉద్యోగం నాకు సరిపోల్యా, సేద్యం చేసుకుందామని నేనే వదిలేసి వచ్చినా' అని చెప్పుకోవచ్చు. తీసేసినారని ఎవురికీ చెప్పే పనుండదు.

…ఓ. … అదా.

…పడితే, పడితే అంటాండావు. యాడ పడతాది మణీ? కింద బండ. మీటరు పెట్టి చూసినోన్ని నేను. టెంకాయ లేపినోన్నీ నేనే. చెప్పినా కదా.

…'ఒకవేళ నిజంగానే లేసిందేమో' అంటావా. … బి.టెక్ కదరా నువ్వు.

…నా వేలే అని నాకు కచ్చితంగా తెలుసా అంటే… అట్ల అడగాకు మణీ. … అడగాకు.

…ఏమో. ఒక్కోమారు నాకూ… పొద్దన్నుంచి ఆ పొడి నేనూ పిసికి చూస్తానే ఉండా. మీ నాయన చూడనప్పుడు.

— ఏమన్నా?

…డ్రైవరు. చెయ్యి ఊపుతాండాడు. మోత ఆపేసినాడు. … — ఎంత? … ఎనిమిది నూర్లంట. ఇంగా వెయ్యల్నా, ఆపల్నా అంటాండాడు. … — నన్ను కాదన్నా, పెద్దాయన్ని అడుగు.

…మీ నాయన నా తట్టు చెయ్యి చూపిస్తాండాడు. 'సార్ చెప్పల్ల' అంటాండాడు.

…అందరూ నన్నే చూస్తాండారు మణీ. చౌడప్ప, డ్రైవరు, మీ అమ్మ. బండి నిలబడిపోయి ఎంత గమ్మున ఉండాదో చూడు. గాలి కూడా లేదు.

…నువ్వన్నా ఏదో ఒకటి చెప్పు. … చెప్పప్పా. … మణీ?

…ఊఁ.

— పెద్దాయనా… అదీ… నేనేమంటానంటే…

— వెయ్యన్నా. ఇంగో నాలుగు రాడ్లు వెయ్యి.

…విన్యావా?

…విన్యావు. ఈసారి అరవలేదే నువ్వు.

…ఆ, మొదలైంది మోత. … మీ నాయన మళ్ళీ ఆడికే పోయి కూర్చున్యాడు.

…ఉండు. మీ అమ్మ వస్తాండాది. టెంకాయకు కట్టిన ఎర్రగుడ్డ విప్పుతాండాది. … — ఏమ్మా? … నేనా? … తడి తగలంగానే కొట్టేకా. … అంతవరకూ నా చేతిలోనే ఉండల్నా. … రెండు చేతుల్తోనా. … సరేమ్మా.

…మణీ, రెండు చేతులూ కావాలంట. ఫోన్ పెట్టేస్తాండా. నువ్వు పో… ఆ అన్నం చల్లారిపోతాది.